వంద రోజుల బోర్డు

సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో, నిచ్చెన ఎంత వాలులో నిలబెట్టాలో, ఏ ఫారం మీద ఎవరు సంతకం పెట్టాలో మీకు కోర్సులో చెప్తారు. నేను వాటి జోలికి వెళ్ళను. ఖతర్‌లో పద్దెనిమిదేళ్ళు పనిచేసి ఇంటికొచ్చి కూర్చున్నాను. ఎన్నో చూశాను, చాలావరకు మర్చిపోయాను. ఒక్క సంగతి మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. యుద్ధాలు నడిపిన ఒక అమెరికా జనరల్, ఆర్మూర్ పక్క పల్లె నుంచి వచ్చి కడ్డీలు కట్టే ఒక కూలీ, వాళ్ళిద్దరి మధ్య నేను. మా పనిలో మనుషులు ఎలా పాడవుతారో, మంచి బాసు కింద కూడా ఎలా పాడవుతారో నాకు తెలిసింది అప్పుడే.

సగం వేలు

నేను మొదట పరంజా కట్టే పనికి వెళ్ళాను. ఇనుప పైపులు మోసి మోసి భుజాలు కాయలు కాశాక కోర్సు చేసి సేఫ్టీలోకి మారాను. తెలుగు, హిందీ, మా పక్క దక్కనీ, పని నడిచేంత ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఏ గొడవ జరిగినా నన్నే పిలిచేవారు.

అప్పటి మా సైటు మేనేజరు ఏ దేశం వాడో చెప్పను. అలాంటివాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఒకసారి ఒకతని చూపుడువేలు కట్టర్‌లో పడి సగానికి తెగింది. నేను రిపోర్టు రాసుకుని వెళ్తే, ఆయన చదివి, కలం తీసి, "వేలికి గీత పడింది, ఫస్ట్ ఎయిడ్ చేశాం" అని దిద్దాడు.

"సర్, సగం వేలు లేదు," అన్నాను.

"మిగతా సగం ఉందిగా," అన్నాడు. నవ్వను కూడా లేదు.

నేను సంతకం పెట్టాను. తర్వాత చాలా ఏళ్ళు అలాంటి సంతకాలు పెట్టాను. కాగితం శుభ్రంగా ఉంటే చాలు, వేళ్ళు ఎన్ని ఉన్నాయో ఎవరూ అడగరు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. జనరల్ వచ్చేనాటికి నేను ఎలాంటి ఆఫీసరునో మీకు తెలియాలి కదా.

ఆఖరికి తినే మనిషి

ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. మా సైటూ వాటిలో ఒకటి. దోహాలో ఏ దిక్కు చూసినా క్రేన్లే. విదేశీ పేపర్లు కూలీల పాట్ల గురించి రాస్తుంటే మా కంపెనీ యజమానికి కంగారు పట్టుకుంది. పేరున్న మనిషిని సలహాదారుగా పెట్టుకుంటే నోళ్ళు మూతపడతాయనుకున్నాడు. అలా వచ్చాడు జనరల్.

డెబ్బై దాటినవాడు. మామూలు సిపాయిగా చేరి మెట్టు మెట్టూ ఎక్కి జనరల్ అయ్యాడని, రెండు యుద్ధాల్లో సైన్యాన్ని నడిపాడని, యూనిఫాం విప్పాక రాయబారిగా వెళ్ళి కొట్టుకుచస్తున్న రెండు పక్షాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాడని విన్నాం. ఎయిర్ కండిషన్ గదిలో కూర్చుని, ఫోటోలు దిగి, ఆర్నెల్లకు వెళ్ళిపోతాడని నేను లెక్కేసుకున్నాను. నన్ను ఆయనకు దుబాసీగా వేశారు.

రెండో రోజు తెల్లవారుతుండగానే ఆయన అల్ ఖోర్‌లో కూలీలు ఉండే మా క్యాంప్ గేటు ముందు నిలబడి ఉన్నాడు. కారు పంపించేసి కూలీల బస్సు ఎక్కాడు. నేనూ వెనకే ఎక్కాను. బస్సులో సగం మంది నిద్రలో ఉన్నారు. కిటికీ పక్కన ఒకడు మాత్రం కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. జనరల్ వెళ్ళి ఆ సీట్లోనే కూర్చుని చెయ్యి చాపాడు. వాడు తన చెయ్యిని ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుని గానీ ఇవ్వలేదు. వాడే లింబాద్రి. నలభై దగ్గరపడిన మనిషి, నెమ్మదస్తుడు, కడ్డీలకు తీగ కట్టడంలో వాడి చేతివేగం మా సైటులో ఇంకెవరికీ లేదు.

మెస్సులో జనరల్ అందరి తర్వాత ప్లేటు పట్టుకునేవాడు. ఒకరోజు ఆయన వంతు వచ్చేసరికి కూర అయిపోయింది. ఆయన అన్నంలో పప్పు కలుపుకుని కింద కూర్చుని తినేశాడు. కడ్డీల గ్యాంగు మేస్త్రి, బోధన్ నుంచి వచ్చిన ఖాజా భాయ్, నా చెవిలో గుసగుసలాడాడు: "లింగన్నా, మన ఫోర్‌మెన్ గూడ ముందుగాల తింటడు. గీయనేంది ఆఖరికి తినవట్టె? నిజంగ జనరలేనా, లేకపోతె కంపెనోళ్ళు ఎవన్నన్న ఏషమేసి తెచ్చిండ్రా?"

నా మొదటి రిపోర్టు ఆయన చదవలేదు. పక్కన పెట్టి, "ఈ మనిషి ఎక్కడున్నాడు? చూపించు," అన్నాడు. ఆ రోజు నుంచి దెబ్బ తగిలితే కాగితం వెనక మనిషి కూడా రావాలి. ఆయన కట్టు విప్పించి చూసేవాడు. సైటు మేనేజరు కలానికి పని లేకుండా పోయింది. ఎండ మండే వేళ పని ఆపే గంటలు కూడా యజమానితో వాదించి పెంచాడు. ఇలాంటి బాసు ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన వెనక నడుస్తుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగినట్టుండేది.

బోర్డు

అంత మంచివాడు, వచ్చిన మూడో నెలలో సైటు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాడు. "దెబ్బ తగలని రోజులు" అని నాలుగు భాషల్లో రాసి, కింద ఒక అంకె. రోజూ పొద్దున ఆ అంకె మార్చడం నా డ్యూటీ. ఎవరికైనా దెబ్బ తగిలితే మళ్ళీ సున్నా. వంద చేరితే మా బ్లాకులో పనిచేసే అందరినీ స్టేడియంలో పూర్తయిన భాగంలోకి తీసుకెళ్ళి, కుర్చీల్లో గంటసేపు కూర్చోబెట్టి, పచ్చిక చూపించి, ఫోటోలు దిగనిస్తారు.

ఇది చిన్న బహుమతి అనుకోకండి. జనం కూర్చునే మెట్లు కట్టినవాళ్ళం మేమే అయినా, కుర్చీలు బిగించాక, పచ్చిక వేశాక, గార్డులు మమ్మల్ని అటు తిరగనిచ్చేవారు కాదు. పని అయిపోయిందా, యల్లా, బయటికి.

"అన్నా, గా మెట్ల లోపటి సీకులన్ని నేను కట్టినయే," అన్నాడు లింబాద్రి. "ఒక్కపాలి మీద కూసోని ఫోటో దిగుత. మా గంగమణికి పంపుత. దుబాయ్‌ల ఏం పని చేస్తవయ్యా అని అడుగుతది ఎప్పటికి. గిదే చేసిన అని సూపెడ్త." వాడి భార్యకే కాదు, మా పల్లెల్లో అందరికీ గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే.

అంకె పెరుగుతుంటే బస్సులు గేటు దాటేటప్పుడు కిటికీల్లోంచి కేకలు వేసేవారు. ముప్పై, నలభై, అరవై. రిపోర్టులు రావడం ఆగిపోయింది. యజమాని ఒకరోజు సైటుకు వస్తే, జనరల్ నా భుజం మీద చెయ్యేసి, "నా దగ్గరున్న మంచి ఆఫీసరు ఇతనే" అన్నాడు. ఆ మాట నాకు బాగా తలకెక్కింది.

నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. అంతమంది అన్ని రోజులు ఇనుప తీగతో పనిచేస్తూ ఒక్కడి చేతికి కూడా గుచ్చుకోలేదంటే ఎవడు నమ్ముతాడు? నేను నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది కాబట్టి నమ్మాను.

గుంపులో నడక

తొంభై ఎనిమిదో రోజు పొద్దున బోర్డు మార్చడానికి వెళ్తూ, బస్సు దిగి వస్తున్న ఏడుగురిని చూశాను. ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, దగ్గర దగ్గరగా, నవ్వుకుంటూ వస్తున్నారు. చూసేవాళ్ళకు స్నేహితుల గుంపు. నాకు మాత్రం ఆ నడక తెలుసు. మా జిల్లావాళ్ళలో ఒకడికి ఒంట్లో బాగాలేకపోతే, ఫోర్‌మెన్ కంట పడకుండా వాణ్ణి మధ్యలో పెట్టుకుని అలాగే నడిపిస్తారు. వాడి పని తలా కొంత పంచుకుని చేస్తారు. వాణ్ణి సామాన్ల చాటున నీడలో కూర్చోబెడతారు. పరంజా రోజుల్లో జ్వరంతో నేనూ అలా నడిచినవాడినే. అది మా ప్రేమ. దానివల్ల మనుషులు చచ్చిపోయేంత ప్రమాదం ఉందని అప్పటిదాకా తట్టలేదు.

వెనకే వెళ్ళాను. కడ్డీల కట్టల చాటున లింబాద్రి బూటు విప్పుకుని కూర్చున్నాడు. ముందురోజు సెంట్రింగ్ చెక్కకున్న మేకు బూటు అడుగు చీల్చుకుని పాదంలో దిగిందట. పాదం ఉబ్బి ఉంది. గదిలోవాళ్ళు పసుపు పెట్టి, ఇస్త్రీ పెట్టెకు తువ్వాల చుట్టి కాపడం పెట్టారు. చర్మం బొబ్బలెక్కి ఉంది.

"గింత కాలిందేందిరా? కాపడం పెడుతుంటె సురుక్కుమనలేదా?" అన్నాను.

"లేదన్నా. నొప్పే లేదు. జర మొద్దుబారినట్టున్నది, గంతే."

తమ్ముళ్ళూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మేకు దిగిన కాలు నొప్పి లేదంటే పరుగెత్తాలి. వాడికి షుగర్ ఉందని, ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదని తర్వాత తెలిసింది. కానీ షుగర్ కాలికి నొప్పి తెలియదని నేను కోర్సులో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

"నడు, డాక్టర్ దగ్గరికి పోదాం," అన్నాను.

ఖాజా భాయ్ అడ్డం వచ్చాడు. "లింగన్నా, పోతె రాస్తరు. రాస్తె సున్న పడ్తది. గింతమంది ఆశ పెట్టుకున్నరు. రెండు దినాలే భాయ్. వంద పడంగనే నేనే ఎత్తుకపోత దవఖానకు."

లింబాద్రి రెండు చేతులూ జోడించాడు. "నా ఒక్కని కోసం అందరియి ఖరాబ్ చెయ్యకన్నా. నీ కాల్మొక్త."

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెప్తాను. జేబులో ఉన్న నొప్పి మాత్రలు రెండు, నొప్పే లేదన్నవాడి చేతిలో పెట్టాను. "రేపు సూద్దాం" అన్నాను. గేటు దగ్గరికి వెళ్ళి తొంభై ఏడు తీసేసి తొంభై ఎనిమిది పెట్టాను. మర్నాడు వాణ్ణి మళ్ళీ అదే గుంపులో నడిపించుకొచ్చారు. ఈసారి వాడి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నేను మొహం పక్కకు తిప్పుకుని తొంభై తొమ్మిది పెట్టాను.

వందో రోజు

వందో రోజు పొద్దున క్యాంప్‌లో పెళ్ళి సందడి. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. జనరల్ మాతో బస్సులో రావడానికి టై కట్టుకుని మరీ వచ్చాడు. గుంపులో లింబాద్రి కనపడలేదు. గదికి వెళ్ళాను. తలుపు తియ్యగానే వాసన కొట్టింది. కింది మంచం మీద వాడు వణుకుతున్నాడు. పాదం సగం నల్లబడిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు.

పరుగెత్తుకెళ్ళి జనరల్ ముందు నిలబడ్డాను. ఇంగ్లీషు రాలేదు. "సర్, ఒక మనిషిని చూపించాలి," అని మాత్రం అనగలిగాను.

ఆయన ఆ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు.

"ఎప్పుడు జరిగింది?"

"తొంభై ఏడున, సర్."

తేదీ చెప్పాల్సినవాణ్ణి బోర్డు మీది అంకె చెప్పాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"తొంభై ఎనిమిదిన."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తన కారులో లింబాద్రిని పడుకోబెట్టించి, ఖాజా భాయ్‌ని తోడిచ్చి ఆసుపత్రికి పంపాడు. తర్వాత ఆ ఖాళీ మంచం మీద కూర్చుండిపోయాడు. తనంతట తానే చెప్పడం మొదలుపెట్టాడు.

యుద్ధంలో ఆయన గోడ మీద ఒక మ్యాపు పెట్టించాడట. గొడవలు లేని ఊరికి పచ్చరంగు. తన ప్రాంతమంతా పచ్చగా మార్చిన కెప్టెన్‌కు ముందుగా సెలవు. కొద్ది వారాల్లో మ్యాపంతా పచ్చబడింది. ఆ రంగును నమ్మి, రక్షణ లేని బండ్లలో కుర్రాళ్ళను ఒక పచ్చ దారిన పంపాడు. వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

"వాళ్ళ పేర్లన్నీ నాకు నోటికి వచ్చు," అన్నాడు. "ఇంకెప్పుడూ బహుమతి పెట్టి అంకె అడగనని అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను."

నల్లబడిన పాదం చూసినప్పటికన్నా ఈ మాటకు నేను ఎక్కువ అదిరిపోయాను. తెలుసు. ఈయనకు ముందే తెలుసు.

"మరి తెలిసి తెలిసి ఎందుకు పెట్టారు సర్?" నా ఉద్యోగంలో ఒక బాసును అలా నిలదీయడం అదే మొదటిసారి.

ఆయన తప్పించుకోలేదు. "అంకె బాగుంటే యజమాని నా మాట వింటున్నాడు. ఎండలో పని ఆపించగలిగాను. ఇంకా చాలా చేయించాలనుకున్నాను. అందుకని నాకూ ఆ అంకె కావలసి వచ్చింది. నాకేం కావాలో మీ అందరికీ అర్థమైంది, అదే తెచ్చి ఇచ్చారు."

బస్సుల ముందు

బయట అందరూ బస్సుల ముందు ఎదురుచూస్తున్నారు. ఆయన వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నేను పక్కన నిలబడి ఒక్కో మాటా చెప్పాను. స్టేడియానికి తప్పకుండా తీసుకెళ్తామన్నాడు. బోర్డు పెట్టడం తన తప్పన్నాడు. దెబ్బ దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కుడిపక్కకు రమ్మన్నాడు. ఎవరి ఉద్యోగానికీ ముప్పు రాదని మాటిచ్చాడు.

ఒక్కడూ కదల్లేదు. పెద్దవాళ్ళ మాటలు నమ్మితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

అప్పుడు నేను ఆయన చెప్పని మాట ఒకటి చెప్పాను. "లింబాద్రి కాలు నల్లగైంది. దవఖానకు పంపినం. నాకు మొన్ననే తెలుసు. తెలిసి గూడ బోర్డు మార్చిన. ఇగ మీ ఇష్టం."

వెనక వరసలోంచి ఒకడు వచ్చి గ్లౌజు తీశాడు. రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. ఇంకొకడు ఉతికిన చొక్కా పైకెత్తాడు. పక్కటెముకల మీద నల్లటి మచ్చ, అరచేయంత ఉంది. ఒక నేపాల్ మనిషి కళ్ళద్దాలు తీశాడు. ఎడమ కన్ను రక్తం ముద్దలా ఉంది. ఇనుప రజను పడి ఎన్నాళ్ళయిందో. వస్తూనే ఉన్నారు. కుంటుతూ వచ్చారు, మణికట్టు పట్టుకుని వచ్చారు. దొంగతనం చేసి దొరికిపోయినట్టు తలలు దించుకుని వచ్చారు. ముప్పై దాకా లెక్కపెట్టి ఇక నావల్ల కాలేదు.

రోజూ పొద్దున గేటు దగ్గర నాకు సలాం చెప్పినవాళ్ళే వీళ్ళందరూ. నేను వాళ్ళ మొహాలు చూస్తూనే అంకె మార్చాను.

జనరల్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి దెబ్బ చూసి పేరు అడిగాడు. నేను రాసుకున్నాను. మధ్యాహ్నం దాటింది. ఆ రోజు స్టేడియానికి ఎవరూ వెళ్ళలేదు. తర్వాతి శుక్రవారం తీసుకెళ్ళారు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు.

నా తీర్పు

లింబాద్రి కాలు చీలమండ పై దాకా తీసేశారు. "మొదటి రోజే తెస్తే కడిగి, మందులిచ్చి పంపేవాళ్ళం" అన్నాడు డాక్టరు, అంత మామూలుగా.

జనరల్ యజమానికి తన పేరు మీదే రిపోర్టు రాశాడు. కారణం అన్నచోట "నేను పెట్టిన బోర్డు" అని రాశాడు. పైవాడు తన పేరు తనే రాసుకున్న రిపోర్టు పద్దెనిమిదేళ్ళలో నేను చూసింది అదొక్కటే. యజమానికి అలాంటి సలహాదారు అక్కర్లేకపోయాడు. నెల తిరగకుండానే టికెట్ చేతికిచ్చారు. వెళ్ళేముందు ఆయన లింబాద్రి మంచం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు.

ఆయన గొప్పవాడా అని మీరు అడిగితే, గొప్పవాడే అంటాను. నేను చూసిన బాసులందరిలోకీ గొప్పవాడు. అందుకే ఆయన్ని క్షమించలేను. సగం వేలు మేనేజరుకు ఏమీ తెలియదు. ఈయనకు అన్నీ తెలుసు. నా సంగతి ఇంకా హీనం. నేను ఆయన దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవడానికి ఒక మనిషిని పక్కన పెట్టేశాను. చెడ్డ బాసు ముందు భయపడి అబద్ధం చెప్తాం, అది మనకు తెలుస్తూనే ఉంటుంది. మంచి బాసు ముందు ఇష్టంతో చెప్తాం, అది అబద్ధమని కూడా తోచదు. మీకు బాగా నచ్చిన బాసుకు నచ్చని కబురు ముందుగా చేరవెయ్యండి. రిపోర్టులు రావడం ఆగిపోతే సంతోషపడకుండా గదులు తిరగండి.

తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు లింబాద్రి ఇంటికి వెళ్ళాను. వెళ్ళడానికి వారం రోజులు వెనకాడాను. వాడు పెట్టుడు కాలుతో లేచి నిలబడి నన్ను ఆప్యాయంగా లోపలికి పిలిచాడు. గంగమణి చాయ్ తెచ్చి ఇచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోకు అన్నా. గా దుబాయ్‌ల గంతమంది మనోళ్ళే ఉంటిరి గదా. ఒక్కలన్న చెప్పకపోతిరి?"

"ఏ, ఊకోయే," అన్నాడు లింబాద్రి. "నేనే చెప్పొద్దన్న."

"నువ్వంటవయ్యా, నీకేమెర్క?" అని ఆమె నావైపు తిరిగింది. "గీయన వద్దన్నడనే అనుకో. మరి నువ్వు ఏం పని చేస్తుంటివన్నా ఆడ?"

ఆమె కోపంతో అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది.